రెండుసార్లు ఫార్మాట్ కొట్టించినా పోని వైరస్

సంక్రాంతికి తెనాలి వెళ్లి బ్యాగు ఇంకా కింద పెట్టకముందే నాన్న అడిగారు, "అమ్మా, తీరిక చూసుకుని నా సిస్టమ్ ఒకసారి చూస్తావా, మళ్లీ వచ్చింది" అని. దీపావళి నుంచి అప్పటికి రెండుసార్లు దాన్ని ఆటోలో పెట్టుకుని సర్వీసు షాపుకి తీసుకెళ్లారు. రెండుసార్లూ ఫార్మాట్ కొట్టారు, రెండుసార్లూ ఎనిమిదేసి వందలు తీసుకున్నారు, వారం పది రోజులు తిరక్కుండా అదే వైరస్ మళ్లీ వచ్చి కూర్చుంది. మూడోసారి వెళ్తే "హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేయాలండీ, డేటా పోతుంది, లేదంటే కొత్త కంప్యూటర్ కొనేసుకోండి" అన్నారట.

కొత్తది కొనడం పెద్ద కష్టం కాదు, నేనే కొనిపెడతాను. కానీ మా ఇంట్లో కంప్యూటర్ సంగతి వేరు. నాన్న డీటీపీ చేస్తారు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, గుడి ఉత్సవాల వాల్‌పోస్టర్లు, ఎన్నికలొస్తే పాంప్లెట్లు, ఇవన్నీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబీ ఇంకో వెర్షన్ తీయలేదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇప్పుడు మనం ఫోన్‌లో కొడుతున్న యూనికోడ్ తెలుగు కాదు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. పదిహేనేళ్ల ఫైళ్లు అలా ఉన్నాయి. "మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే చిన్నదానికీ వెయ్యండి, పేర్లు మార్చండి చాలు" అని వచ్చేవాళ్లే సగం మంది, అలాంటప్పుడు పాత ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం మార్చేస్తే గంటలో పని అయిపోతుంది. అందుకే ఆ విండోస్ ఎక్స్‌పీ మెషీన్‌ని నాన్న వదల్లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసిందని నేనే ఎన్నోసార్లు చెప్పాను, "నెట్ పెట్టలేదు కదమ్మా, ఏమవుతుంది" అనేవారు. నెట్ పెట్టకపోతే వైరస్ రాదని నేనూ సగం నమ్మాను. మా ఇంట్లో అది నెట్ నుంచి రాలేదు, పెన్‌డ్రైవ్‌లో వచ్చింది.

పైగా ముందు మాఘమాసం ఉంది. పండగ అయిన మర్నాటి నుంచే కార్డుల ఆర్డర్లు మొదలవుతాయి. నాన్న టెన్షన్ అది.

మొదటి రోజు రాత్రి కూర్చున్నాను. మెషీన్ చాలా నెమ్మదిగా ఉంది. లోపల ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరుద్దామని కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే, అడ్మినిస్ట్రేటర్ దాన్ని ఆపేశారని ఒక పెట్టె వచ్చింది. విండోస్ లోపలి సెట్టింగులు మార్చే రిజిస్ట్రీ ఎడిటర్‌కీ అదే జవాబు. ఆ ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ అంటే నాన్నే, ఆయన ఏమీ ఆపలేదు. దాచిన ఫైళ్లు చూపించమని ఫోల్డర్ ఆప్షన్స్‌లో టిక్ పెడితే, ఓకే కొట్టిన మరుక్షణం ఆ టిక్ తనంతట తనే పోతోంది. షాపువాళ్లు వేసిన ఫ్రీ యాంటీవైరస్ గుర్తు గడియారం పక్కన కనిపించడమే లేదు, దాన్ని నొక్కితే ఒక్క క్షణం ఇసుక గడియారం తిరిగి ఆగిపోతుంది. సరే, విండోస్‌ని అత్యవసరమైనవాటితో మాత్రమే లేపే సేఫ్ మోడ్‌లోకి వెళ్దామని ఎఫ్8 నొక్కి బూట్ చేస్తే నీలం తెర వచ్చి రీస్టార్ట్ అయిపోయింది. మామూలుగా మాత్రం బూట్ అవుతుంది, సేఫ్ మోడ్‌లోనే చస్తుంది. అక్కడ నాకు అనుమానం వచ్చింది, ఇది ఏదో చిన్నాచితకా షార్ట్‌కట్ వైరస్ కాదని, మనం ఏ తలుపు తడతామో ముందే తెలిసి ఆ తలుపులన్నీ మూసిపెట్టిందని.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. నా లాప్‌టాప్‌లో ఒక క్లీనింగ్ టూల్ డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, నాన్న మెషీన్‌కి పెట్టాను. టూల్ రన్ కాలేదు. పెన్‌డ్రైవ్ తీసుకొచ్చి తిరిగి లాప్‌టాప్‌కి పెట్టగానే విండోస్ డిఫెండర్ ఎర్ర గుర్తుతో అరిచింది. పెన్‌డ్రైవ్‌లో నేను పెట్టని ఫైళ్లు రెండు ఉన్నాయి, ఒకటి ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్, అంటే డ్రైవ్ తెరిస్తే ఏం నడపాలో విండోస్‌కి చెప్పే ఫైలు, రెండోది నోరు తిరగని పేరుతో, ప్రోగ్రాములాగే నడిచే ఒక పిఫ్ ఫైలు. అది కాదు నన్ను కదిలించింది. నేను వేసిన క్లీనింగ్ టూల్ ఫైలుకే వైరస్ అంటుకుంది, దాని సైజు కూడా కొద్దిగా పెరిగింది. మందు సీసాలోకే పురుగు దూరినట్టు. డిఫెండర్ దాని పేరు కూడా చెప్పింది, సాలిటీ.

పేరు తెలియడం చాలా పెద్ద విషయం. "వైరస్ వచ్చింది" అన్నంత వరకు ఏం చేయాలో తెలియదు, పేరు తెలిశాక దాని అలవాట్లు తెలుస్తాయి. సాలిటీ 2003లో మొదటిసారి బయటపడింది. పాత శాంపిళ్లలో కనిపించిన సలావత్ అనే రష్యా ఊరి పేరు నుంచి దానికి ఆ పేరు వచ్చిందంటారు. ఇరవై ఏళ్లు దాటినా అది చచ్చిపోలేదు. 2022 జులైలో డ్రాగోస్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక సంగతి బయటపెట్టింది, ఫ్యాక్టరీల్లో మిషన్లు నడిపే పీఎల్‌సీలు అనే చిన్న కంప్యూటర్ల పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి అమ్మే ఒక టూల్ పాస్‌వర్డ్ తీసిచ్చేదట, వెంటనే సాలిటీని కూడా లోపల దింపేదట. ఫ్యాక్టరీల దాకా వెళ్తున్నది మా వరండా గదిలోకి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇది ఎలా బతుకుతుందో తెలుసుకుంటే షాపువాళ్ల ఫార్మాట్ ఎందుకు పనిచేయలేదో వెంటనే అర్థమవుతుంది. మనం మామూలుగా అనుకునేది, వైరస్ అంటే ఎక్కడో ఒక మూల దాక్కున్న ఒక చెడ్డ ఫైలు, దాన్ని పట్టుకుని తీసేస్తే అయిపోతుందని. సాలిటీ అలా కాదు. కంప్యూటర్‌లో ఉన్న మంచి ప్రోగ్రాములనే, అంటే ఈఎక్స్ఈ ఫైళ్లని, స్క్రీన్‌సేవర్ ఫైళ్లని ఒక్కొక్కటిగా వెతికి వాటి ఒంట్లోకి తన కోడ్‌ని చేరుస్తుంది. ఆ ప్రోగ్రామ్ పని మామూలుగానే చేస్తుంది, కాబట్టి మనకి తేడా తెలియదు, కానీ దాన్ని తెరిచిన ప్రతిసారీ వైరస్ కూడా తెరుచుకుంటుంది. పైగా ఒక ఫైలులో ఉన్న రూపం ఇంకో ఫైలులో ఉండదు, ప్రతిసారీ కోడ్ రూపు మార్చుకుంటుంది. పేజ్‌మేకర్, వీడియో ప్లేయర్, ప్రింటర్ డ్రైవర్ సెటప్, అన్నీ దాని ఇళ్లే. టాస్క్ మేనేజర్‌ని, రిజిస్ట్రీ ఎడిటర్‌ని ఆపడం, సేఫ్ మోడ్‌కి కావలసిన రిజిస్ట్రీ పద్దుల్ని చెరిపేయడం, యాంటీవైరస్ సర్వీసుల్ని చంపేయడం, ఇవన్నీ తనని ఎవరూ కదపకుండా చేసుకునే ఏర్పాట్లు.

షాపులో ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే తుడుస్తారు. డేటా పోకూడదని డీ డ్రైవ్‌ని ముట్టుకోరు, అది మంచి ఉద్దేశమే. కానీ మా డీ డ్రైవ్‌లో "సాఫ్ట్‌వేర్స్" అని ఒక ఫోల్డర్ ఉంది, మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది, పేజ్‌మేకర్ సెటప్, ఫోటోషాప్ సెటప్, ప్రింటర్ సెటప్, విన్‌రార్, అన్నీ ఒకే చోట. ఫార్మాట్ అయ్యాక కొత్త విండోస్‌లో మొట్టమొదట చేసే పని ఏమిటి? ఆ ఫోల్డర్ తెరిచి ఒక్కో సెటప్ మీద డబుల్ క్లిక్ చేయడం. అంటే శుభ్రంగా కడిగిన ఇంట్లోకి మన చేతులతోనే వైరస్‌ని పిలిచి పీట వేశాం. రెండుసార్లూ జరిగింది ఇదే. నాన్న వారం పది రోజులకి వచ్చిందనుకున్నారు గానీ, అది షాపులో సెటప్‌లు ఎక్కించిన గంటలోనే వచ్చి ఉంటుంది, మందగించడం కనబడ్డానికి వారం పట్టింది.

ఇదంతా నాన్నకి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా ఫైళ్లకి కూడా పట్టిందా?" అన్నారు. నేను గట్టిగా చెప్పగలిగిన మాట అదొక్కటే, "లేదు నాన్నా, పేజ్‌మేకర్‌లో చేసిన పీఎండీ ఫైళ్ల జోలికి, ఫోటోల జోలికి అది రాదు, దానికి ప్రోగ్రాములే కావాలి." ఆ మాట విన్నాక ఆ రాత్రి భోజనానికి కూర్చున్నారు.

రెండో రోజు భోగి. పొద్దున్నే మంట దగ్గర కూర్చుని ఆలోచిస్తే దారి ఒకటే కనిపించింది. ఆ విండోస్ నడుస్తున్నంతసేపూ అక్కడ మనం ఏం చేసినా వైరస్ చూస్తూనే ఉంటుంది, మనం టాస్క్ మేనేజర్‌ని తిరిగి తెరిపించినా రెండు సెకన్లలో మూసేస్తుంది, నేను రాత్రి పది సార్లు చూశాను. కాబట్టి ఆ విండోస్‌ని లేపకూడదు. కంప్యూటర్‌ని వేరే సిస్టమ్‌తో లేపాలి, అప్పుడు హార్డ్ డిస్క్ మీద ఉన్న వైరస్ కేవలం ఫైళ్లలో ఉన్న రాత, దానికి కదిలే శక్తి ఉండదు. దీనికోసమే రెస్క్యూ డిస్క్‌లు ఉన్నాయి, కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ ఇచ్చే రెస్క్యూ డిస్క్ వాటిలో ఒకటి, ఉచితం, లోపల ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దాన్ని నా లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేశాను. వైరస్ జాబితా కూడా దాంట్లోనే ఉంటుంది, కాబట్టి నెట్ లేని మెషీన్‌లో కూడా పనికొస్తుంది.

దీన్ని పెన్‌డ్రైవ్‌లో కాకుండా డీవీడీ మీదే రాయాలని పట్టుబట్టాను. నాన్న మెషీన్ పెన్‌డ్రైవ్ నుంచి సరిగ్గా బూట్ కాదు, అది ఒక కారణం. అసలు కారణం వేరే, రాసి మూసేసిన డీవీడీ మీద వైరస్ ఏమీ రాయలేదు, రాయడానికి చోటే ఉండదు. పెన్‌డ్రైవ్‌కి ఆ రక్షణ లేదు. ఇప్పుడు డీవీడీ రైటర్ ఎవరి దగ్గర ఉంది చెప్పండి, నా లాప్‌టాప్‌కి డ్రైవే లేదు. మా వీధి చివర పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అతని దగ్గర ఉంది, పెద్దవాళ్లు ఇంకా పెళ్లి డీవీడీ అడుగుతారట. భోగి రోజైనా షట్టర్ సగం ఎత్తి రాసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. రెండో డీవీడీ మీద సాలిటీకని ప్రత్యేకంగా చేసిన సాలిటీకిల్లర్ టూల్, సేఫ్ మోడ్ రిజిస్ట్రీ పద్దుల్ని తిరిగి చేర్చే ఫైళ్లు రాయించాను, అవి కూడా కాస్పర్‌స్కీవే.

మధ్యాహ్నం బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి, డిలీట్ నొక్కితే వస్తుంది ఆ బోర్డులో, డీవీడీని మొదటి బూట్‌గా పెట్టాను. లినక్స్ తెర వచ్చింది. స్కాన్ కొట్టే ముందు చేసిన పని, ఈ మొత్తం రాతలో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి, నాన్న ఫైళ్లని నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. పీఎండీలు, ఫోటోలు, ఫోటోషాప్ ఫైళ్లు, కోరల్‌డ్రా ఫైళ్లు మాత్రమే, ఒక్క ఈఎక్స్ఈ కూడా ఎక్కకుండా చూసుకుంటూ. పదకొండు జీబీ. పదిహేనేళ్ల పని పదకొండు జీబీలో పట్టేసింది, దానికి ఇన్నాళ్లూ రెండో కాపీ లేదు. ఆ కాపీ అయ్యేంతసేపూ నాన్న కుర్చీ జరుపుకుని పక్కనే కూర్చుని ఫైళ్ల పేర్లు వెళ్లిపోతుంటే చదువుతూ ఉన్నారు, "ఇది మార్వాడి షాపువాళ్లది, ఇది మన హైస్కూలు వార్షికోత్సవం, ఇది మీ నాయనమ్మది." నాయనమ్మ పెద్దకర్మ కార్డు ఆయనే కొట్టారు, ఆ రాత్రి నాకు గుర్తుంది, ప్రూఫ్ చూడమని నాకిచ్చి బయటికి వెళ్లిపోయారు.

స్కాన్ సాయంత్రం ఆరున్నరకి మొదలైంది. ఇందులో ఒక ప్రశ్న వస్తుంది, దాన్ని తొందరలో నొక్కకండి. వైరస్ దొరికితే ఏం చేయాలి, బాగు చేయాలా తీసేయాలా అని. సాలిటీ లాంటిదానికి "తీసేయ్" అన్నామంటే పేజ్‌మేకర్‌నే తీసేస్తుంది, మిగతా ప్రోగ్రాముల్ని కూడా తీసేస్తుంది, పొద్దున్న లేచేసరికి వైరస్ ఉండదు, పనిచేసే ప్రోగ్రామూ ఉండదు. ఎప్పుడైనా "బాగు చేయి" అన్నదే మొదట, దానికి లొంగనివాటిని మాత్రమే తర్వాత చూడాలి. రాత్రి రెండింటి దాకా నడిచింది. 1,870 ఫైళ్లలో సాలిటీ దొరికింది, అందులో సగానికి పైన డీ డ్రైవ్‌లోని ఆ సాఫ్ట్‌వేర్స్ ఫోల్డర్‌లోనే. 63 తప్ప మిగతావన్నీ బాగయ్యాయి. బాగుకానివి ఏమిటా అని చూస్తే ఎక్కువగా పాత ఆటల సెటప్‌లు, ఒక ప్రింటర్ డ్రైవర్, ఎవరో ఇచ్చిన స్క్రీన్‌సేవర్లు. అవి తీసేయమన్నాను.

మర్నాడు పండగ రోజు. అమ్మ "ఈ రోజైనా దాన్ని వదిలిపెట్టండి" అంది, పొంగలి పొంగేదాకా వదిలిపెట్టాం. తర్వాత మొదటిసారి ఎక్స్‌పీని లేపాను, ఏ పెన్‌డ్రైవూ పెట్టకుండా. రెండో డీవీడీ నుంచి సాలిటీకిల్లర్ నడిపితే మెమరీలో ఏమీ దొరకలేదు, ఫైళ్లలో ఇంకో నాలుగు దొరికాయి, బాగు చేసింది. సేఫ్ మోడ్ పద్దులు చేర్చాక ఎఫ్8 నొక్కి చూస్తే నీలం తెర రాలేదు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. దాచిన ఫైళ్ల టిక్ పెడితే నిలబడింది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలు ఉంటుంది, సాలిటీ దాంట్లో ఎంసీఐడీఆర్‌వీ వెర్ అనే పేరుతో తన గుర్తు ఒకటి రాసుకుంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ఆ వరస అలాగే ఉంది. దానివల్ల ఇప్పుడు హాని లేదు, అయినా చెరిపేశాను. చాలామంది మర్చిపోయేది సిస్టమ్ రిస్టోర్, పాత తేదీల కాపీల్లో వైరస్ పట్టిన ఫైళ్లు కూడా భద్రంగా దాగి ఉంటాయి, రేపెప్పుడో ఏదో పాడైందని వెనక్కి వెళ్తే వాటినే తిరిగి తెచ్చుకుంటాం. దాన్ని ఆపేసి, పాత పాయింట్లన్నీ పోయాక మళ్లీ పెట్టాను. బాగుపడిన సెటప్‌లని కూడా నమ్మకుండా, అసలు సీడీలు ఉన్నాయి కదా అని సాఫ్ట్‌వేర్స్ ఫోల్డర్‌ని మొత్తం తీసేశాను. నాన్న బీరువాలో సీడీలు పెట్టెలతో సహా దాచారు, ఆ జాగ్రత్త ఈ రోజు కాపాడింది.

పేజ్‌మేకర్ తెరిచి, అను కీబోర్డు ఆన్ చేసి, నాన్న "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొట్టారు. అక్షరాలు సరిగ్గా పడ్డాయి. లేచి వెళ్లి అమ్మకి చెప్పొచ్చారు.

నిజాయితీగా ఒక మాట. ఇలాంటి, మంచి ప్రోగ్రాముల్లోకి దూరే వైరస్ పడితే చాలామంది నిపుణులు చెప్పే సలహా ఏమిటంటే డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని, సీ డీ ఈ అన్న తేడా లేకుండా డిస్క్ మొత్తం తుడిచి, కొత్తగా మొదలుపెట్టమని. ఆ సలహా సరైనదే. బాగుచేసిన ప్రోగ్రామ్ ఎప్పుడైనా మొండికేయొచ్చు. మీ మెషీన్‌లో ఎక్స్‌పీ, పాత పేజ్‌మేకర్ లాంటి ముడులు లేకపోతే అదే చేయండి, ఒక పూటలో అయిపోతుంది. ఆ మెషీన్‌లో నెట్ ఉండి, మీరు అందులో బ్యాంకు సైట్లు తెరిచి ఉంటే, వేరే శుభ్రమైన ఫోన్ నుంచి ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి, సాలిటీ రకాల్లో మనం కొట్టే అక్షరాల్ని దొంగిలించినవి కూడా ఉన్నాయి. మేము బాగుచేసే దారి పట్టింది మాఘమాసం తలుపు తడుతోంది కాబట్టి, పదకొండు జీబీ చేతిలో ఉంది కాబట్టి.

ఇక్కడితో ఆపేసి ఉంటే మూడో ఫార్మాట్ కథే అయ్యేది. వైరస్ మా ఇంట్లో పుట్టలేదు కదా. నాన్న రోజూ పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రెస్సుకి వెళ్తారు ట్రేసింగ్ ప్రింట్ తీయించడానికి, అక్కడి నుంచి కార్డులు స్క్రీన్ ప్రింటింగ్ అతని దగ్గరకి, ఫోటోలు స్టూడియో నుంచి. నాలుగు మెషీన్ల మధ్య ఒకే పెన్‌డ్రైవ్ తిరుగుతుంది. ఎక్స్‌పీలో పాత అలవాటు ప్రకారం డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు ఆటోరన్ ఫైలులో ఏం రాసి ఉంటే అది నడిచిపోతుంది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్‌ల వరకు ఆపుతూ 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ఇచ్చింది, నెట్ లేని మా మెషీన్‌కి అది చేరనే లేదు. అందుకని రిజిస్ట్రీలో, విండోస్ ఎన్‌టీ పద్దు కింద ఐఎన్ఐ ఫైల్ మ్యాపింగ్ అనే చోట, ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అన్న పేరుతో ఒక వరస చేర్చాను, ఈ ఫైలు కనిపిస్తే లేని చోటికి వెళ్లి వెతుక్కో అని విండోస్‌కి చెప్పే వరస అది. దాంతో ఆ ఫైలు ఉన్నా విండోస్ దాన్ని చదవదు. నాన్న పెన్‌డ్రైవ్‌ని ఖాళీ చేసి, దాంట్లో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే పేరుతోనే ఒక ఫోల్డర్ సృష్టించాను, ఒక పేరుతో ఫోల్డర్ ఉన్న చోట అదే పేరుతో ఫైలు పుట్టడం కుదరదు. ఆ ఫోల్డర్‌ని ముందే తీసేసే వైరస్‌లు ఉన్నాయి, కాబట్టి దాని మీదే ఆధారపడలేం, కానీ ఆ ఫోల్డర్ మాయమైతే మనకొక సంకేతం. హైదరాబాద్‌లోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వాళ్లు చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అని ఒక టూల్ ఉంది, సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచితంగా ఇస్తారు, పెన్‌డ్రైవ్ పెడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఊరందరి పెన్‌డ్రైవ్‌లు వచ్చే కొత్త విండోస్ మెషీన్ ఉన్నవాళ్లకి అది మంచిది, స్టూడియో అతనికి చెప్పాను.

అసలు కష్టం ప్రెస్సు దగ్గర. ప్రెస్సు యజమాని నాన్నకి ముప్పై ఏళ్ల స్నేహితుడు, నాకు బాబాయ్ లెక్క. "మీ మెషీన్ నుంచే వైరస్ వస్తోంది" అని వెళ్లి ఎలా చెప్తాం, నాన్న రెండు రోజులు అదే ఆలోచించారు, "వాడు బాధపడతాడు, వద్దులే" అన్నారు. నిజానికి ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు, మొదట మాదే అయి ఉండొచ్చు. కనుమ రోజు సాయంత్రం నేనే వెళ్లాను. "బాబాయ్, మా పెన్‌డ్రైవ్‌లో వైరస్ దొరికింది, దానివల్ల మీ మెషీన్‌కి ఏమైనా అంటిందేమో చూసి పోతాను" అన్నాను. ఆయన టాస్క్ మేనేజర్ సంవత్సరం నుంచి తెరుచుకోవట్లేదట. "సిస్టమ్ పాతదైపోయింది కదా అనుకున్నానమ్మా" అన్నారు. డీవీడీ పెట్టి, ముందు ఆయన ఫైళ్లు కాపీ చేసి, స్కాన్ కొట్టాను. పది నిమిషాలకే లెక్క మూడొందలు దాటింది.

అది పూర్తయ్యేలోపు నా రైలు టైమైపోయింది. "బాగు చేయి" అన్నదే నొక్కాలి, "తీసేయ్" అన్నది నొక్కకూడదు అని ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించి వచ్చేశాను. నాన్న అక్కడే కూర్చున్నారు. పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతుంటే ఫోన్, "2,600 చిల్లర దొరికాయంట అమ్మా, అన్నీ అయిపోయాయి, ప్రింట్ కూడా వస్తోంది. స్క్రీన్ ప్రింటింగ్ అబ్బాయి కూడా అడుగుతున్నాడు, ఆ డీవీడీ వాడికి ఇవ్వనా?"

"ఇవ్వు నాన్నా, కానీ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇవ్వకు, డీవీడీయే ఇవ్వు" అన్నాను.